గొంతు నొప్పి: రిపోర్టు వచ్చేలోగా ఏం చేయాలో కొలతలతో సహా రాయండి

సంపాదకులకు నమస్కారాలు.

గొంతు నొప్పి మీద ఆరోగ్య పేజీల్లో వచ్చే సలహా ఎప్పుడూ ఒకటే. గోరువెచ్చని ఉప్పునీళ్లు పుక్కిలించండి, నీళ్లు బాగా తాగండి, తగ్గకపోతే డాక్టరును కలవండి. అప్పటికే డాక్టరును కలిసి, గొంతులోంచి స్వాబ్ (దూది పుల్లతో తీసే శాంపిల్) తీయించుకుని, రిపోర్టు కోసం ఎదురుచూస్తున్న మనిషికి ఇందులో పనికొచ్చేది చాలా తక్కువ. గుటక వేయాలంటే భయం, రాత్రి నిద్ర పట్టదు, అసలు మందు రాయడం రిపోర్టు చూశాకే అన్నారు. ఆ ఒకటి రెండు రోజుల్లోనే కొందరు డబ్బాలో మిగిలిన పాత యాంటీబయోటిక్ మాత్రలు వెతుక్కుంటారు. మరికొందరు పిల్లలకు సిరప్ ఎక్కువ పోస్తారు. ఎంత నీటికి ఎంత ఉప్పు, ఏ మందు ఎంత, ఎవరికి ఏది వద్దు, ఏం కనబడితే రిపోర్టు సంగతి వదిలేసి ఆస్పత్రికి వెళ్లాలి అన్నవి పత్రికలో స్పష్టంగా వస్తే ఈ పొరపాట్లు చాలావరకు తగ్గుతాయి. అందుకే ఇంత పొడవుగా రాస్తున్నాం.

ముందు ఎదురుచూడటం గురించి. గొంతు నొప్పుల్లో ఎక్కువ భాగం వైరస్‌ల వల్ల వచ్చేవే. యాంటీబయోటిక్ అవసరమయ్యే ముఖ్యమైన కారణం గ్రూప్-ఎ స్ట్రెప్టోకాకస్ అనే బ్యాక్టీరియా. దాన్నే క్లుప్తంగా స్ట్రెప్ అంటాం. గొంతు నొప్పితో వచ్చే పెద్దవాళ్లు 100 మందిలో 5 నుంచి 15 మందికి, పిల్లల్లో 20 నుంచి 30 మందికి మాత్రమే ఇది ఉంటుంది. 5 నుంచి 15 ఏళ్ల వయసులో ఎక్కువ. జ్వరం, టాన్సిల్స్ మీద తెల్లటి చీము పొర, మెడ ముందు భాగంలో నొప్పిగా బిళ్ళలు కట్టడం ఉండి, దగ్గు లేకపోతే అనుమానం బలపడుతుంది. ముక్కు కారడం, దగ్గు, గొంతు బొంగురుపోవడం, కళ్లు ఎర్రబడటం ఉంటే వైరస్ వైపు మొగ్గుతాం. కానీ చూపుతో ఖాయంగా చెప్పలేం. టెస్టు పంపేది అందుకే.

స్ట్రెప్‌కు యాంటీబయోటిక్ ఇవ్వడంలో పెద్ద ఉద్దేశం రుమాటిక్ జ్వరాన్ని, దానివల్ల గుండె కవాటాలు దెబ్బతినడాన్ని ఆపడం. జబ్బు మొదలైన 9 రోజుల్లోపు మందు మొదలుపెట్టినా ఆ రక్షణ దొరుకుతుంది. స్వాబ్‌లోని బ్యాక్టీరియాను ల్యాబ్‌లో పెంచి చూడటాన్ని కల్చర్ అంటారు, దాని రిపోర్టుకు 24 నుంచి 48 గంటలు పడుతుంది. కాబట్టి ఆ రెండు రోజులు ఆగడం వల్ల పిల్లవాడి గుండెకు ముప్పు రాదు. తల్లిదండ్రులకు ఈ ఒక్క మాట ముందే చెబితే సగం కంగారు తగ్గుతుంది. నొప్పి ఏ రోజు మొదలైందో కాగితం మీద రాసి పెట్టుకోవాలి. ఆ 9 రోజుల లెక్క గొంతు నొప్పి మొదలైన రోజు నుంచి, స్వాబ్ తీసిన రోజు నుంచి కాదు.

అన్ని టెస్టులకూ ఇదే ఓపిక పనికిరాదు. ఫ్లూ అనుమానించి శాంపిల్ తీసి ఉంటే, గర్భిణులు, 65 ఏళ్లు దాటినవారు, చిన్న పిల్లలు, ఆస్తమా, గుండె జబ్బు, షుగర్ ఉన్నవారు రిపోర్టు వచ్చేదాకా ఆగకుండా మందు మొదలుపెట్టాలా అని డాక్టరును అప్పుడే అడగాలి. ఫ్లూ మందు మొదటి 48 గంటల్లో పడితేనే ఎక్కువ మేలు. థైరాయిడ్ ఎక్కువైనందుకు కార్బిమజోల్, మెథిమజోల్ లాంటివి వాడేవారు, క్లోజాపిన్, మెథోట్రెక్సేట్ వాడేవారు, కీమోథెరపీలో ఉన్నవారు గొంతు నొప్పితో పాటు జ్వరం వస్తే ఒక్క పూట కూడా ఆగకూడదు. ఈ మందులు అరుదుగా తెల్ల రక్తకణాలను ప్రమాదకరంగా పడగొడతాయి, దానికి మొదటి గుర్తు తరచుగా గొంతు నొప్పే. తర్వాతి మోతాదు వేసుకునే ముందే డాక్టరుకు చెప్పి, అదే రోజు రక్తకణాల లెక్క చూపించుకోవాలి. ఈ మందులు రాసేటప్పుడు ఇది చెబుతారు గానీ, నెలలు గడిచాక చాలామంది మరిచిపోతారు.

ఇక పాత యాంటీబయోటిక్ సంగతి. స్వాబ్ తీయకముందే ఒకటి రెండు మాత్రలు వేసుకుంటే కల్చర్‌లో బ్యాక్టీరియా పెరగక, ఉన్న స్ట్రెప్ కూడా లేనట్టే కనిపించవచ్చు. స్వాబ్ ఇచ్చాక వేసుకున్నా ఇబ్బందే. గొంతు నొప్పి ఎప్‌స్టీన్-బార్ వైరస్ (మోనో అనే జబ్బు తెచ్చేది) వల్ల వచ్చినదైతే పెన్సిలిన్ జాతి మందులైన అమాక్సిసిలిన్, యాంపిసిలిన్‌తో ఒళ్లంతా ఎర్రటి దద్దు లేవవచ్చు. అది పెన్సిలిన్ పడని లక్షణమని జీవితాంతం చీటీల్లో నమోదై, నిజంగా అవసరమైన రోజున మంచి మందు దొరకకుండా పోతుంది. అజిత్రోమైసిన్ వాడకానికి ఇంకో చిక్కు ఉంది. దానికి లొంగని స్ట్రెప్ రకాలు ఉన్నాయి. పెన్సిలిన్‌కు లొంగని గ్రూప్-ఎ స్ట్రెప్ మాత్రం రోగుల్లో ఇంతవరకు నిర్ధారణ కాలేదు. స్ట్రెప్ నిజంగా ఉన్నా యాంటీబయోటిక్ వల్ల నొప్పి తగ్గేది ఒక రోజు ముందుగా మాత్రమే. ఆ రెండు రోజులూ నొప్పిని తగ్గించేది నొప్పి మాత్రే. అందుకే దాని గురించి వివరంగా రాస్తున్నాం.

పారాసెటమాల్ పెద్దవాళ్లకు ఒకసారికి 500 నుంచి 1000 మి.గ్రా. మధ్యలో కనీసం 4 గంటలు, 1000 వేసుకుంటే 6 గంటలు ఎడం ఉండాలి. 24 గంటల్లో మొత్తం 4000 మి.గ్రా. దాటకూడదు. 50 కిలోల కంటే తక్కువ బరువున్నవారు, కాలేయం జబ్బు ఉన్నవారు, రోజూ మద్యం తాగేవారు, సరిగా తిండి లేనివారు ఇంకా తగ్గించాలి, ఎంతన్నది డాక్టరును అడగాలి. జరిగే తప్పు ఎక్కువగా ఇక్కడే: జలుబు మాత్రల్లో, ఒళ్లునొప్పుల మాత్రల్లో, రాత్రి దగ్గు మందుల్లో కూడా పారాసెటమాల్ ఉంటుంది. పేర్లు వేరు కావడంతో రెండూ మూడూ కలిపి వేసుకుంటారు. డబ్బా వెనుక చిన్న అక్షరాల్లో ఉన్న పేరు చదవడం అలవాటు చేసుకోవాలి. మితిమీరిన పారాసెటమాల్ కాలేయాన్ని దెబ్బతీస్తుంది, పైగా మొదటి రోజు పెద్దగా లక్షణాలు కనిపించవు. ఎక్కువ పడిందని తెలిసిన వెంటనే, బాగానే ఉన్నా సరే, ఆస్పత్రికి వెళ్లాలి.

పిల్లలకు వయసును బట్టి కాకుండా బరువును బట్టి లెక్క వేయాలి. కిలోకు 10 నుంచి 15 మి.గ్రా., 4 నుంచి 6 గంటలకొకసారి, 24 గంటల్లో 4 సార్లకు మించకుండా. 12 కిలోల బిడ్డకు ఒకసారికి 120 నుంచి 180 మి.గ్రా. అన్నమాట. ఇప్పుడు సీసా చూడండి. 5 మి.లీ.లో 120 మి.గ్రా. ఉండే సిరప్ అయితే 5 నుంచి 7.5 మి.లీ. పడుతుంది. 5 మి.లీ.లో 250 మి.గ్రా. ఉండే సిరప్ అయితే 2.5 నుంచి 3.5 మి.లీ. చాలు. శిశువుల చుక్కల మందులో 1 మి.లీ.లోనే 100 మి.గ్రా. ఉండవచ్చు. సిరప్ అనుకుని దాన్ని 5 మి.లీ. పోస్తే ఒక్కసారిగా 500 మి.గ్రా. పడిపోతుంది. వంటింటి చెంచాతో కొలవద్దు. ఒక్కో చెంచాలో ఒక్కో కొలత పడుతుంది. సీసాతో వచ్చిన మూత గానీ, సూది లేని సిరంజి గానీ వాడాలి. ఇచ్చిన టైము రాసి పెట్టాలి. ఇంట్లో ఇద్దరు చూసుకుంటుంటే ఒకరు ఇచ్చింది తెలియక రెండోవారు మళ్లీ పోయడం అరుదేమీ కాదు. 3 నెలల లోపు పసికందుకు జ్వరం 38 డిగ్రీల సెల్సియస్ చేరితే మందు పోసి చూద్దామనుకోకుండా నేరుగా ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

ఇబుప్రోఫెన్ వాపును కూడా తగ్గిస్తుంది కాబట్టి గొంతు నొప్పికి చాలామందిలో పారాసెటమాల్ కంటే బాగా పనిచేస్తుంది. పెద్దవాళ్లకు 200 నుంచి 400 మి.గ్రా., 6 నుంచి 8 గంటలకొకసారి, ఏదైనా తిన్నాక. డాక్టరు చెప్పకుండా రోజుకు 1200 మి.గ్రా. దాటకూడదు. 6 నెలలు దాటిన పిల్లలకు కిలోకు 5 నుంచి 10 మి.గ్రా. కడుపులో పుండు ఉన్నవారు, కిడ్నీ జబ్బు ఉన్నవారు, రక్తం పలచబడే మందులు వాడేవారు, ఇలాంటి మాత్రలతో ఆయాసం వచ్చే ఆస్తమా రోగులు, 20 వారాలు దాటిన గర్భిణులు దీని జోలికి పోవద్దు. ఇంకో రెండు సందర్భాలు తరచుగా మరిచిపోతారు. ఒకటి, గొంతు నొప్పి వల్ల నీళ్లే తాగక ఒళ్లు ఎండిపోయినప్పుడు ఇబుప్రోఫెన్ కిడ్నీలను ఇబ్బంది పెడుతుంది. రెండు, డెంగీ అనుమానంతో కూడా రక్తం పంపి ఉంటే, అది కాదని తేలేవరకు పారాసెటమాల్ ఒక్కటే వాడాలి. ఇబుప్రోఫెన్, ఆస్పిరిన్ రెండూ రక్తస్రావం ముప్పు పెంచుతాయి. 16 ఏళ్ల లోపు పిల్లలకు ఆస్పిరిన్ ఎప్పుడూ వద్దు. వైరల్ జబ్బుల్లో మెదడును, కాలేయాన్ని దెబ్బతీసే రేయ్ సిండ్రోమ్‌కు దానితో సంబంధం ఉంది.

మాత్ర వేసుకునే వేళ కూడా ముఖ్యమే. నొప్పి తారస్థాయికి చేరేదాకా ఓర్చుకుని వేసుకుంటే అది పనిచేసేలోగా తిండి వేళ దాటిపోతుంది. మొదటి రోజున్నర గడియారం చూసి క్రమంగా వేసుకుని, తినడానికి అరగంట నుంచి ముప్పావుగంట ముందు పారాసెటమాల్ పడేలా చూసుకుంటే నాలుగు ముద్దలు దిగుతాయి. మాత్ర మింగలేకపోతే నీళ్లలో కరిగే రకం గానీ సిరప్ గానీ అడగాలి. మందును మెల్లగా విడుదల చేసే రకం మాత్ర అయితే నలగ్గొట్టి వేసుకోకూడదు. ఇంకొక మాట. ఎవరో చెప్పారని స్టెరాయిడ్ మాత్రలు వేసుకోవడం మంచిది కాదు. కొన్ని సందర్భాల్లో డాక్టర్లు ఒక మోతాదు ఇవ్వడం నిజమే, కానీ అది రోగిని చూసి తీసుకునే నిర్ణయం.

ఇప్పుడు ఉప్పునీళ్లు. ఒక గ్లాసు, అంటే సుమారు 240 మి.లీ. గోరువెచ్చని నీటిలో అర టీస్పూను ఉప్పు, అంచుకు సమంగా కొలిచింది. దాదాపు 3 గ్రాములు అవుతుంది. ఈ కొలతకు కారణం ఉంది. మన ఒంటి ద్రవాల్లో ఉప్పు గాఢత సుమారు 0.9 శాతం. అర టీస్పూనుతో అది 1.2 శాతం దాటుతుంది. దాంతో వాచిన పొర నుంచి కొంత నీరు బయటికి లాగబడుతుంది, పట్టుకున్న కఫం పలచబడి వదులుతుంది. పావు టీస్పూను వేస్తే గొంతుకు హాయిగానే ఉంటుంది, వాపు మీద ప్రభావం తక్కువ. ఎక్కువ వేస్తే ఎక్కువ పని చేస్తుందనుకుని రెండు టీస్పూన్లు కలిపితే పుండు మీద ఉప్పు చల్లినట్టే, గొంతు మండి ఇంకా ఎండిపోతుంది. ఉప్పు పూర్తిగా కరగాలి, కరగని పలుకులు గీరుకుంటాయి. నీటి వేడి మణికట్టు మీద చుక్క వేసి చూసుకోవాలి. వెచ్చగా అనిపించాలి, చుర్రుమనకూడదు.

పుక్కిలించడంలో అసలు చిక్కు ఏమిటంటే చాలామంది బుగ్గల్లో తిప్పి ఉమ్మేస్తారు. అది పళ్లకు పనికొస్తుంది, గొంతుకు కాదు. చిన్న గుక్క నోట్లో పోసుకుని, తల కొద్దిగా వెనక్కి వాల్చి, "ఆ..." అంటూ గాలి వదలాలి. నీళ్లు కొండనాలుక దగ్గర బుడగలు తేలాలి. 15 నుంచి 30 సెకన్లు. ఉమ్మేసి మళ్లీ, గ్లాసు అయిపోయేవరకు. రోజుకు 3, 4 సార్లు, తిన్న తర్వాత అయితే మేలు. మిగిలిన నీళ్లు దాచుకోకుండా ప్రతిసారీ కొత్తగా కలుపుకోవాలి. మింగకూడదు, ముఖ్యంగా రక్తపోటు, గుండె, కిడ్నీ రోగులు. 6 ఏళ్ల లోపు పిల్లలకు సాధారణంగా పుక్కిలించడం చేతకాదు, నీళ్లు శ్వాసలోకి పోవచ్చు, బలవంతం చేయొద్దు. గొంతు పోయి మాట రానివారికి దీనివల్ల లాభం తక్కువ. ఆ వాపు స్వరపేటికలో ఉంటుంది, అక్కడిదాకా పుక్కిలించిన నీళ్లు చేరవు. వాళ్లకు కావలసింది తక్కువ మాట్లాడటం. ఉప్పునీళ్లు స్ట్రెప్‌ను చంపవు, ఉపశమనం మాత్రమే ఇస్తాయి. ఆ మాట కూడా రాయాలి.

క్రిమిసంహారక మౌత్‌వాష్‌లు, అయోడిన్ ద్రావణాలతో పుక్కిలించేవారు ఒకటి గుర్తుంచుకోవాలి. స్వాబ్ తీసేముందు వాటిని వాడితే టెస్టు తప్పు చూపవచ్చు. రెండోసారి స్వాబ్ ఇవ్వాల్సి ఉన్నా అంతే. థైరాయిడ్ సమస్య ఉన్నవారు, గర్భిణులు అయోడిన్‌ను అడగకుండా వాడొద్దు. నొప్పి తగ్గించే బెంజిడమిన్ ద్రావణం 12 ఏళ్లు దాటినవారికి ఉపయోగపడుతుంది. 15 మి.లీ.తో పుక్కిలించి ఉమ్మేయాలి, అవసరమైతే మూడు గంటలకోసారి. మంటగా అనిపిస్తే సమానంగా నీళ్లు కలుపుకోవచ్చు.

తేనె గొంతు మీద పల్చటి పూతలా నిలిచి దగ్గును, గరగరను తగ్గిస్తుంది. ఏడాది దాటిన పిల్లలకు అర టీస్పూను నుంచి ఒక టీస్పూను, పడుకునే ముందు. పెద్దలకు ఒకటి రెండు టీస్పూన్లు, అలాగే గానీ గోరువెచ్చని నీటిలో గానీ. ఏడాది లోపు శిశువుకు వేలికి అద్ది నాకించడం కూడా వద్దు. తేనెలో ఉండగలిగే బొట్యులిజం బ్యాక్టీరియా బీజాలు పసిపిల్లల పేగుల్లో మొలకెత్తి విషం తయారుచేస్తాయి, కండరాలు చచ్చుబడతాయి. మరిగించినా ఆ బీజాలు చావవు. షుగర్ ఉన్నవారు తేనెను చక్కెరగానే లెక్కించుకోవాలి. పుక్కిలించడం ముందు, తేనె తర్వాత. తేనె తాగిన వెంటనే పుక్కిలిస్తే ఆ పూత కొట్టుకుపోతుంది.

చల్లనివి తగిలితే గొంతు ఇంకా చెడుతుందన్న భయం వల్ల చాలామంది పిల్లలు నీళ్లు కూడా తాగలేక బాధపడతారు. ఇన్ఫెక్షన్ క్రిమి వల్ల వస్తుంది, చల్లదనం వల్ల పెరగదు. చల్లటి నీళ్లు, మంచు ముక్క, ఐస్‌క్రీమ్ నొప్పి నరాలను కాసేపు మొద్దుబారుస్తాయి. కొందరికి వేడి హాయి, కొందరికి చల్లన హాయి. ఏది మింగగలిగితే అదే సరైనది. 4 ఏళ్ల లోపు పిల్లలకు గట్టి మంచు ముక్కలు ఇవ్వొద్దు, గొంతులో అడ్డం పడతాయి. వేడి విషయంలో హద్దు ఉంది. పొగలు కక్కే పానీయం అప్పటికే వాచిన పొరను కాలుస్తుంది. 65 డిగ్రీల సెల్సియస్ పైన తాగే పానీయాలను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2016లో క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్నవాటి జాబితాలో చేర్చింది. కప్పులో పోశాక కొన్ని నిమిషాలు ఆగి, పెదవికి చుర్రుమనకుండా ఉన్నప్పుడే తాగాలి.

ఎంత తాగుతున్నారన్నది మూత్రం చెబుతుంది. లేత పసుపు రంగులో ఉంటే చాలు. ముదురు పసుపైతే తాగింది చాలలేదు. బిడ్డ 8 గంటలపాటు మూత్రం పోయకపోయినా, ఏడిస్తే కన్నీళ్లు రాకపోయినా డాక్టరుకు చూపించాలి. పెద్ద గ్లాసు ముందు పెట్టి తాగమంటే భయపడతారు, ఐదేసి నిమిషాలకు ఒక టీస్పూను లేదా రెండు గుక్కలు చొప్పున ఇస్తే తెలియకుండానే దిగుతుంది. పులుపు రసాలు, కారం, కరకరలాడే గట్టి తిండి, మద్యం, పొగ ఈ రెండు రోజులు మానాలి. ఇంట్లో ఎవరు సిగరెట్ తాగినా ఆ గొంతుకు తగులుతుంది. పలుచని సూప్, మెత్తగా ఉడికి జారేవి చాలు. ఒకరోజు తక్కువ తింటే ఏమీ కాదు, తాగకపోతేనే ప్రమాదం.

చప్పరించే బిళ్ళలు లాలాజలం ఊరించి గొంతును తడిగా ఉంచుతాయి, వాటి మేలులో పెద్ద భాగం అదే. నమలకుండా, ఒకే చోట బుగ్గలో ఉంచకుండా తిప్పుతూ చప్పరించాలి. మొద్దుబార్చే మందు ఉన్న బిళ్ళ వాడితే, ఆ మొద్దు పోయేదాకా వేడివి తినకూడదు, కాలినా తెలియదు. 4 ఏళ్ల లోపు పిల్లలకు ఏ బిళ్ళా వద్దు. బెంజొకెయిన్ ఉన్న స్ప్రేలు, జెల్‌లు రెండేళ్ల లోపు పిల్లలకు అసలే వద్దు. రక్తం ఆక్సిజన్‌ను మోయలేని అరుదైన పరిస్థితి వస్తుంది, పెదవులు నీలంగా మారతాయి. ఫ్లర్బిప్రోఫెన్ బిళ్ళలు 8.75 మి.గ్రా.వి 12 ఏళ్లు దాటినవారికి, 24 గంటల్లో 5కు మించకుండా, 3 రోజులకు మించకుండా. ఇది ఇబుప్రోఫెన్ జాతి మందే, రెండూ కలపకూడదు.

రాత్రి నొప్పి పెరగడానికి ముఖ్య కారణం ముక్కు బిగుసుకుని నోటితో గాలి పీల్చడం. గొంతు ఎండి, ఉదయానికి మింగుడుపడదు. పడుకునే ముందు ముక్కులో ఉప్పునీటి చుక్కలు, తల కింద ఇంకో దిండు, చేతికందేలా నీళ్లు, ఆ వేళకు పడేలా నొప్పి మాత్ర ఉంటే తేడా తెలుస్తుంది. గదిలో తేమ పెంచే యంత్రం ఉంటే చల్లటి ఆవిరిది వాడండి, రోజూ నీళ్లు మార్చి కడగాలి, లేదంటే బూజు గాలిలోకి చిమ్ముతుంది. మరిగే గిన్నె మీద దుప్పటి కప్పుకుని ఆవిరి పట్టడాన్ని మాత్రం గట్టిగా వద్దంటున్నాం, పిల్లలకు మరీను. గిన్నె ఒరిగి తొడలూ పొట్టా కాలిన గాయాలు గొంతు నొప్పి కంటే ఎన్నో రెట్లు ఘోరం. వేడినీళ్ల స్నానం చేస్తూ ఆ గదిలో పదినిమిషాలు కూర్చున్నా అదే ఉపశమనం.

రిపోర్టు వచ్చేదాకా అంటుకునేదే అనుకుని నడుచుకోవాలి. గ్లాసు, చెంచా, తువ్వాలు వేరు. దగ్గినా తుమ్మినా మోచేతి మడతలోకి. సబ్బుతో చేతులు 20 సెకన్లు. పిల్లలను బడికి పంపొద్దు. స్ట్రెప్ అని తేలితే, మందు మొదలుపెట్టి 24 గంటలు గడిచి, జ్వరం లేకపోతే పంపవచ్చు. ఇంట్లో లక్షణాలు లేనివారికి టెస్టు అవసరం సాధారణంగా ఉండదు.

రిపోర్టుతో సంబంధం లేకుండా వెంటనే వెళ్లాల్సినవి ఇవి. సొంత ఉమ్మి కూడా మింగలేక చొంగ కారడం. శ్వాస తీసుకుంటే కీచుమనే శబ్దం, బిడ్డ ముందుకు వంగి గడ్డం చాచి కూర్చోవడం. అప్పుడు నోరు తెరిపించి చెంచాతో చూడకూడదు, పడుకోబెట్టకూడదు, వాపు గాలిదారిని పూర్తిగా మూసేయవచ్చు. నోట్లో వేడి ముద్ద ఉన్నట్టు మాట ముద్దగా రావడం, దవడ తెరుచుకోకపోవడం, నొప్పి ఒకే వైపు ఉండి కొండనాలుక పక్కకు నెట్టుకుపోవడం. ఇది టాన్సిల్ పక్కన చీముగడ్డ, తీయించాల్సిందే. మెడ బిగుసుకుపోవడం, మెడ ఒక పక్క వాచిపోవడం. గొంతులో బూడిద రంగు పొర గట్టిగా అంటుకుని, కదిపితే రక్తం రావడం, మెడ ఉబ్బడం. అది డిఫ్తీరియా కావచ్చు, దాని విషానికి విరుగుడైన యాంటీటాక్సిన్ ఆలస్యమైన కొద్దీ ప్రాణాపాయం. ఉప్పుకాగితంలా గరుకుగా దద్దు, ఎర్రటి నాలుక కనిపిస్తే స్కార్లెట్ జ్వరం కావచ్చు. అది అదే రోజు డాక్టరుకు చెప్పాలి, ఆస్పత్రికి పరుగెత్తక్కర్లేదు.

రిపోర్టు వచ్చాక చదవడంలోనూ పొరపాట్లు జరుగుతాయి. 10, 15 నిమిషాల్లో వచ్చే ర్యాపిడ్ టెస్టు పాజిటివ్ అయితే నమ్మవచ్చు. నెగటివ్ అయితే పెద్దవాళ్లకు సాధారణంగా అదే చాలు, పిల్లలకు కల్చర్ వచ్చేదాకా ఆగాలి, ర్యాపిడ్ టెస్టు కొన్ని కేసులను వదిలేస్తుంది. ఏఎస్ఓ అనే రక్తపరీక్షను ఇప్పుడున్న గొంతు నొప్పికి చేయించడం దండగ. అది పెరగడానికే ఒకటి నుంచి మూడు వారాలు పడుతుంది, ఎప్పుడో వచ్చిపోయిన స్ట్రెప్‌ను చూపిస్తుంది. ఎప్‌స్టీన్-బార్ వైరస్ జబ్బు కోసం చేసే మోనో పరీక్ష మొదటి వారంలో తప్పుగా నెగటివ్ రావచ్చు. అది పాజిటివ్ అయితే ప్లీహం వాచి ఉండవచ్చు కాబట్టి కనీసం 3 వారాలు ఒంటికి దెబ్బ తగిలే ఆటలు ఆడకూడదు, తర్వాత ఆడొచ్చా అన్నది డాక్టరు చూసి చెప్పాలి. స్ట్రెప్ తేలితే పెన్సిలిన్ లేదా అమాక్సిసిలిన్ సాధారణంగా 10 రోజులు. మూడో రోజుకే నొప్పి పోతుంది, చాలామంది అక్కడే ఆపేస్తారు, అది పొరపాటు. నెగటివ్ అయితే గొంతు చాలావరకు వారంలో తగ్గుతుంది. అప్పటికీ తగ్గకపోయినా, తగ్గి మళ్లీ ఎక్కువైనా తిరిగి చూపించాలి.

మూడు రోజులైనా రిపోర్టు చేతికి రాకపోతే ల్యాబ్‌కు మీరే ఫోన్ చేయండి. ఫోన్ రాలేదంటే బాగానే ఉన్నట్టని అనుకోవద్దు. స్వాబ్ ఇచ్చిన రోజే ఎప్పుడొస్తుంది, ఎవరు చెబుతారు, రాత్రివేళ నొప్పి పెరిగితే ఎవరికి ఫోన్ చేయాలి అని మూడూ అడిగి రాసుకోవాలి.

సంపాదకులకు మా విన్నపం ఒకటే. ఈసారి గొంతు నొప్పి మీద వ్యాసం వేసేటప్పుడు పిల్లల మందుకు బరువు వారీగా, సీసా గాఢత వారీగా మి.లీ.లు చూపించే చిన్న పట్టిక పక్కన వేయండి. ఏడాది లోపు తేనె వద్దన్న వాక్యం, 16 లోపు ఆస్పిరిన్ వద్దన్న వాక్యం పెద్ద అక్షరాల్లో ఉండాలి. గొంతు తగ్గాక ఒకటి నుంచి మూడు వారాల్లో మూత్రం ముదురు గోధుమ రంగులోకి మారినా, ఉదయం ముఖం ఉబ్బినా, రెండు నుంచి నాలుగు వారాల్లో ఒక కీలు నుంచి ఇంకో కీలుకు మారే నొప్పి, ఆయాసం వచ్చినా పాత గొంతు నొప్పి సంగతి డాక్టరుకు చెప్పాలన్నది కూడా ఆ వ్యాసంలో చేర్చండి.

ఇట్లు,
గొంతు నొప్పి రోగులను రోజూ చూసే కొందరు వైద్యులు, నర్సులు